నీళ్ళు చూడటానికి కొన్న కార్డు

ఆటలో గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయో తేల్చడానికి ఒక్కొక్కరికి ఒక్కో గీటురాయి ఉంటుంది. కొందరు మనుషుల ముఖాలు చూస్తారు. కొందరు గాలికి ఊగే గడ్డి చూస్తారు. కొందరికి తెర మూలన కదిలే ఫ్రేముల అంకె (సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చెప్పేది) తప్ప మరేదీ కనిపించదు. నేను మాత్రం నీళ్ళు చూస్తాను. ఇప్పటికీ కొత్త ఆట మొదలుపెడితే కథ ఏమిటో, శత్రువు ఎవరో తరువాతి సంగతి. ముందు ఎక్కడైనా చెరువో, కాలువో, కనీసం వాన నీటి గుంటో ఉందేమో వెతుకుతాను.

గోడను గీయడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. దాని రంగు దానికి ఉంటుంది, ఎటు నుంచి చూసినా గోడ గోడే. నీళ్ళ సంగతి వేరు. పైనున్న ఆకాశాన్నీ ఒడ్డునున్న చెట్టునూ తలకిందులుగా మళ్ళీ గీయాలి. అడుగున ఉన్న రాళ్ళను కాస్త వంకరగా చూపించాలి. కాళ్ళ దగ్గర చూస్తే అడుగు కనిపించాలి, దూరంగా చూస్తే ఆకాశం కనిపించాలి. అలలు కదిలే కొద్దీ ఇదంతా మారిపోతూ ఉండాలి. నీళ్ళున్న చోట ఒకే దృశ్యాన్ని గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీది బొమ్మలు గీసే భాగం, రెండు మూడు సార్లు గీయవలసి వస్తుందన్నమాట. అందుకే ఆటలు తయారుచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి నీళ్ళ దగ్గర సర్దుకుపోయారు. ఆడేవాళ్ళమూ సర్దుకుపోయాం.

నేను ఆటలు మొదలుపెట్టిన రోజుల్లో గ్రాఫిక్స్ కార్డంటే తెర మీద బొమ్మ పడటానికి ఉండే వస్తువు, అంతే. లెక్కలన్నీ ప్రాసెసరే చేసుకునేది. 1996లో వచ్చిన క్వేక్‌లో నీళ్ళంటే మెలికలు తిరిగే బురదరంగు దుప్పటి. దాని కింద ఏముందో దూకితే తప్ప తెలియదు. అదే ఆటను మా పెదనాన్న గారి అబ్బాయి కంప్యూటర్‌లో చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. అన్నయ్య దగ్గర వూడూ 2 కార్డు ఉండేది. అతను ఆటకు ఆదేశాలు టైపు చేసే కన్సోల్ తెరిచి ఒక అంకె మార్చి, ఎంటర్ కొట్టి, "ఇప్పుడు చూడు" అన్నాడు. నీళ్ళలోంచి అడుగున ఉన్న మెట్లు కనిపించాయి. ఆ మెట్ల మీద నుంచి ఎన్నోసార్లు నడిచిన వాణ్ణి నేను. ఒడ్డున నిలబడి వాటిని చూడటం మాత్రం అదే మొదటిసారి.

వూడూ కార్డుల వ్యవహారమే విచిత్రంగా ఉండేది. త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ 1996లో తెచ్చిన మొదటి వూడూకు గానీ, 1998లో వచ్చిన వూడూ 2కు గానీ మామూలు తెరను చూపించడం చేతకాదు. అవి త్రీడీ ఆటలకు మాత్రమే. కాబట్టి పాత వీడియో కార్డును ఉంచుకుని, దాని వెనుక నుంచి వూడూలోకి ఒక పొట్టి కేబుల్, వూడూ నుంచి మానిటర్‌కు ఇంకో కేబుల్ తగిలించాలి. ఆట మొదలయ్యేదాకా వూడూ పక్కకు తప్పుకుని బొమ్మను దాటనిస్తుంది, ఆట మొదలవగానే తను అందుకుంటుంది. రెండు వూడూ 2 కార్డులుంటే వాటిని ఒక రిబ్బన్ తీగతో కలిపి, బేసి గీతలు ఒకటి, సరి గీతలు ఇంకొకటి గీసేలా కూడా చేయవచ్చు. అప్పుడు తెర మీది చుక్కలను 800 × 600 నుంచి 1024 × 768కి పెంచవచ్చు. అన్నయ్య ఆ రెండో కార్డు గురించి మాట్లాడటం మొదలుపెడితే పెద్దమ్మ వచ్చి లైటు ఆర్పేసేదాకా ఆపేవాడు కాదు. ఆ కార్డు అతను కొననేలేదు. 2000 డిసెంబరులో త్రీడీఎఫ్‌ఎక్స్ తన ఆస్తులను పోటీ కంపెనీ ఎన్విడియాకు అమ్ముకుంటున్నట్టు ప్రకటించింది. అన్నయ్య ఆ వార్తను బంధువు పోయినట్టే చెప్పాడు.

ఆ తరువాత చాలాకాలానికి నాకంటూ ఒక కార్డు వచ్చింది. దాని పేరు చెప్పను, దాన్ని తయారుచేసిన వాళ్ళ పేరూ చెప్పను. పేరు చివర కొత్త తరం అంకె ఉండేది, లోపల ఉన్నది అంతకు ముందు తరం చిప్పు. తేడా ఎక్కడంటే పిక్సెల్ షేడర్లలో. తెర మీద పడే ప్రతి చుక్క రంగును ఎలా లెక్కకట్టాలో ఆట రాసేవాళ్ళు ఒక చిన్న ప్రోగ్రాముగా రాసి కార్డుకు ఇవ్వవచ్చు. 2001లో ఎన్విడియా కార్డు జీఫోర్స్ 3తో మొదలైన సదుపాయం అది. నా కార్డులో అది లేదు.

లేదని నాకు తెలియజెప్పింది కూడా నీళ్ళే. 2002లో మారోవిండ్ అనే ఆట వచ్చింది. పత్రికల్లో దాని బొమ్మలు చూస్తే సరస్సు మీద సాయంకాలపు ఆకాశం మెరుస్తూ ఉంటుంది, వాన పడితే ప్రతి చినుకూ ఒక వలయం గీస్తుంది. నా తెర మీద నీళ్ళు కదిలే నీలి కాగితం. సెట్టింగుల పేజీలో పిక్సెల్ షేడర్ల వరుస నొక్కడానికి వీల్లేకుండా బూడిదరంగులో వెలవెలబోతూ కనిపించేది. డ్రైవర్లు మార్చాను. డైరెక్ట్‌ఎక్స్ (ఆటకూ కార్డుకూ మధ్య మాట కలిపే విండోస్ భాగం) మళ్ళీ ఎక్కించాను. లేనిది ఎక్కడి నుంచి వస్తుంది?

మరుసటి సంవత్సరం ప్రిన్స్ ఆఫ్ పర్షియా కొత్త ఆట ఇంకా నిక్కచ్చిగా వ్యవహరించింది. షేడర్లు లేని కార్డయితే అసలు మొదలు కానని చెప్పేసింది. అప్పట్లో త్రీడీ ఎనలైజ్ అని ఒక చిన్న ప్రోగ్రాము చేతులు మారుతూ ఉండేది. అది కార్డులో షేడర్లు ఉన్నాయని ఆటకు అబద్ధం చెప్పి, ఆ పని ఎలాగోలా నెట్టుకొచ్చేది. దాని దయతో ఆట మొదలయింది, రాకుమారుడు నడవడమూ మొదలుపెట్టాడు. కాకపోతే కొన్ని గదుల్లో గోడలు ఉండేవి కావు, కొన్నిచోట్ల నీళ్ళు నల్లగా ఉండేవి. అయినా చివరిదాకా ఆడాను. ఆ వయసులో పట్టుదలకు వేరే ఏ పనీ పెట్టుకోలేదు మరి.

ఒక మాట చెప్పాలి. చిన్న కార్డు ఉన్నవాడికి ఆట లోపలి సంగతులు తెలిసినంతగా పెద్ద కార్డు ఉన్నవాడికి తెలియవు. నీడలు తీసేస్తే ఎంత మిగులుతుంది, దూరపు కొండలు ఎక్కడ తెగ్గొడితే కంటికి తెలియదు, టెక్స్చర్లు (వస్తువుల మీద అంటించే బొమ్మలు) ఒక మెట్టు దించితే మెమరీ ఎంత ఊపిరి పీల్చుకుంటుంది, 32 బిట్ల రంగును 16కు మారిస్తే ఆకాశంలో చారలు ఎలా పడతాయి... ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. నోట్‌ప్యాడ్‌లో కాన్ఫిగ్ ఫైలు తెరిచి, ఒక్కో వరుస మార్చి, దాచి, మళ్ళీ ఆట మొదలుపెట్టి చూడటం ఆ ఆటలో ఉన్న ఆటకంటే పెద్ద ఆట.

2004లో హాఫ్-లైఫ్ 2 వచ్చేసరికి ఆ పరిజ్ఞానం అంతా అక్కరకు వచ్చింది. ఆ ఆటకు ఎంత పాత కార్డుకైనా ఒక దారి చూపించే గుణం ఉంది. నా దానికి డైరెక్ట్‌ఎక్స్ 7 దారి చూపించింది. సగానికి సగం వేషం తీసేసినా ఆట నడిచింది. కానీ దాని నీళ్ళకు మూడు మెట్లున్నాయి. సాదా ప్రతిబింబాలు మొదటిది, పరిసరాలను చూపించేది రెండోది, మనుషులతో సహా అన్నింటినీ చూపించేది మూడోది. నాకు మూడూ లేవు. అందులో కాలువల గుండా పడవ తోలుకుంటూ పోయే అధ్యాయం ఒకటి ఉంది. దాని పొడవునా నీళ్ళే. ఆ అధ్యాయం దాటే సమయానికి, కొంటే ఈసారి పైమెట్టు కార్డే కొనాలని తీర్మానించుకున్నాను. మధ్యరకం వద్దు.

తీర్మానానికీ కొనడానికీ మధ్య ఉద్యోగం రావాలి, జీతం రావాలి, అందులో కొంత మిగలాలి. ఈలోగా 2006 నవంబరు 8న జీఫోర్స్ 8800 జీటీఎక్స్ విడుదలయింది. దాని మీద వచ్చిన సమీక్షలు నేను చదివినంత శ్రద్ధగా పరీక్షలకు చదివి ఉంటే ఇంట్లోవాళ్ళు సంతోషించేవాళ్ళు. అంతకు ముందు కార్డుల్లో ఆకారాల మూలబిందువులను కదిలించే విభాగం వేరు, చుక్కలకు రంగులు వేసే విభాగం వేరు. ఒక దాని మీద భారం పడినప్పుడు రెండోది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేది. 8800లో ఆ గోడ తీసేశారు. ఒకే రకం యూనిట్లు 128, ఏ పని వస్తే ఆ పని చేస్తాయి. చిప్పులో ట్రాన్సిస్టర్లు 68 కోట్లు. మెమరీ 768 ఎంబీ. ఈ అంకె చూసి మొదట అచ్చుతప్పు అనుకున్నాను. అప్పటిదాకా 128, 256, 512... ఇలా రెట్టింపులే చూశాం కదా! మెమరీకి వెళ్ళే దారి 384 బిట్ల వెడల్పు, దాని వెంట 64 ఎంబీల ముక్కలు పన్నెండు. గుణిస్తే సరిగ్గా 768. ఆ లెక్క కుదిరిన రోజు, కార్డు ఇంకా నా చేతికి రాకపోయినా, కొంత నాదయినట్టే అనిపించింది.

పైమెట్టు కార్డు ఒంటరిగా రాదని అనుభవం మీద తెలుస్తుంది. నా పాత మదర్‌బోర్డులో ఉన్నది ఏజీపీ స్లాటు, కొత్త కార్డుకు కావలసింది పీసీఐ ఎక్స్‌ప్రెస్. కాబట్టి బోర్డు మారాలి. బోర్డు మారితే ప్రాసెసర్ మారాలి. ఆ ఏడాది జూలైలోనే కోర్ 2 డ్యువో వచ్చి ఉంది కనుక ఆ బాధ్యతను సంతోషంగానే నెత్తిన వేసుకున్నాను. ప్రాసెసర్ మారితే ర్యామ్ మారాలి. నాన్న గారు వరండాలో పేరుకుంటున్న అట్టపెట్టెలను చూసి, "కార్డు ఒక్కటే అన్నావు కదరా?" అని అడిగారు. "కార్డు ఒక్కటే నాన్నా, మిగతావి దానికి తోడు" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

కార్డును పెట్టెలోంచి తీసినప్పుడు ముందు తెలిసింది బరువు. అంతకు ముందు నా కార్డు అరచేతిలో ఇమిడిపోయేది. ఇది మోచేతి దాకా వచ్చింది. నల్లటి కూలర్, రెండు స్లాట్ల మందం, 27 సెంటీమీటర్ల పొడవు. పెట్టబోతే దాని కొస వెళ్ళి హార్డ్ డిస్కుకు తగిలింది. డిస్కును విప్పి కింది అరలోకి దించి, దాని తీగలను దారి మళ్ళించి, కార్డును కొంచెం ఏటవాలుగా లోపలికి పోనిచ్చి నొక్కితే టక్కుమని కూర్చుంది. ఆ శబ్దం కంప్యూటర్ విప్పే అలవాటున్న వాళ్ళందరికీ తెలుసు. విరిగిందో, కూర్చుందో అర్థం కాక ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది.

తరువాత కరెంటు పేచీ మొదలయింది. కార్డుకు ఆరు పిన్నుల తీగలు రెండు కావాలి. కంప్యూటర్‌కు కరెంటు పంచే పాత ఎస్ఎంపీఎస్‌కు అవి లేవు కాబట్టి మామూలు తీగలకు అడాప్టర్లు తగిలించాను. డెస్క్‌టాప్ చక్కగా వచ్చింది. ఆట మొదలుపెట్టగానే మొత్తం ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆరింది. ఆ ఎస్ఎంపీఎస్ మీద వాట్లు ఘనంగానే రాసి ఉన్నాయి. కింద సన్నటి అక్షరాల్లో ఉన్న పట్టికలో అసలు సంగతి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు తాగేది దాదాపు అంతా 12 వోల్టుల దారిలోంచే. ఆ దారిలో ఎన్ని ఆంపియర్లు ఇస్తుందన్నదే లెక్క, పైన పెద్దక్షరాల అంకె కాదు. అన్నయ్యకు ఫోన్ చేస్తే, "ఎస్ఎంపీఎస్‌ను తూకం వేసి కొనాలి, తేలిగ్గా ఉంటే వదిలెయ్" అన్నాడు. ఇప్పుడు ఆ సూత్రం అంతగా పనిచేయదేమో గానీ అప్పట్లో బాగానే పనిచేసేది. బరువైనది ఒకటి తెచ్చి పెట్టాక ఆ పేచీ తీరింది.

బల్ల మీద కొత్త ఆటలున్నాయి. నేను తెరిచింది మారోవిండ్. సెట్టింగులకు వెళ్ళాను. ఆ బూడిదరంగు వరుస ఇప్పుడు తెల్లగా, నొక్కడానికి వీలుగా ఉంది. నొక్కాను. ఓడ దిగి ఊళ్ళోకి అడుగుపెట్టే మొదటి రేవులోనే నిలబడి చూశాను. పత్రికలో చూసిన నీళ్ళే. ఆకాశం అందులో ఉంది, చెక్క వంతెన నీడ అందులో ఉంది. వాన కోసం ఆటలోని గడియారాన్ని ముందుకు నెడుతూ కూర్చున్నాను. వాన వచ్చింది, వలయాలు వచ్చాయి. శత్రువులు లేరు, పని లేదు, ఎటూ కదలడం లేదు. ఆ ఆట విడుదలయి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. దానికి అంత పెద్ద కార్డు అక్కర్లేదు, ఎప్పుడో వచ్చిన జీఫోర్స్ 3 అయినా చాలు. అన్నయ్య సాయంత్రం ఫోన్ చేసి, "ఏమి ఆడుతున్నావు?" అని ఉత్సాహంగా అడిగాడు. చెప్పాను. అటు వైపు కాసేపు మాట లేదు. తరువాత నవ్వి, "నేనయితే క్వేక్ పెట్టేవాణ్ణి" అన్నాడు.

నేను గమనించినంతలో పెద్ద కార్డు కొన్న వాళ్ళు చాలామంది చేసేది ఇదే. కొత్త ఆట కోసమని కొంటారు, ముందుగా పాత ఆట తెరుస్తారు. కార్డు వచ్చిన ఆ వారమంతా నేను కొత్త ఆట ముట్టుకోలేదు. హాఫ్-లైఫ్ 2లో కాలువల అధ్యాయం మూడో మెట్టు నీళ్ళతో మళ్ళీ ఆడాను. పడవను ఆపి వంతెనల కింద ప్రతిబింబాలు చూశాను. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో నాకు లేని గోడలు ఎలా ఉంటాయో చూశాను. బాగానే ఉన్నాయి గానీ, గోడలు లేనప్పుడే దారి తేలిగ్గా దొరికేది.

ఇంత చేసి మానిటర్ మాత్రం పాత డబ్బా మానిటరే. 1024 × 768 దాటితే దాని మీద అక్షరాలు అలుక్కుపోయేవి. ఆ చిన్న తెరకు అంత పెద్ద కార్డు దండగని తెలిసినవాళ్ళు అన్నారు. నేను ఒప్పుకోను. మిగిలిన శక్తినంతా యాంటీ-అలియాసింగ్‌కు ధారపోశాను. తీగలు, కంచెలు, వంతెన కమ్ములు మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా గీసినట్టు వచ్చాయి. అంతకు ముందు తరం ఎన్విడియా కార్డుల్లో నేల మీది టెక్స్చర్లు కొన్ని కోణాల్లో చూస్తే మసకబారేవి, నడుస్తుంటే మిలమిలలాడేవి. 8800లో ఆ జబ్బు పోయింది, ఏ కోణంలో చూసినా ఒకే స్పష్టత. ఫ్రేముల అంకెల్లో ఇవేవీ కనిపించవు కాబట్టి వీటిని మెచ్చుకునేవాళ్ళు తక్కువ.

సంవత్సరం తిరిగేసరికి 2007 నవంబరులో క్రైసిస్ వచ్చి నా అహంకారాన్ని దించింది. అన్నీ పైమెట్టులో పెడితే 8800 కూడా ఆయాసపడిపోయింది. ఆ ఆటలో అతి ఎక్కువ అనే మెట్టు డైరెక్ట్‌ఎక్స్ 10కు, అంటే విండోస్ విస్టాకు మాత్రమే అని రాసి ఉంది. నేను ఎక్స్‌పీలోనే ఉన్నాను. కానీ ఆ మెట్టులో ఉన్నవాటిలో చాలా భాగం కాన్ఫిగ్ ఫైలులో అంకెలు మారిస్తే ఎక్స్‌పీలోనూ వస్తాయని త్వరలోనే తెలిసింది. నోట్‌ప్యాడ్ మళ్ళీ తెరుచుకుంది. నీడలు ఒక మెట్టు కిందికి, నీళ్ళు పైనే, చెట్ల దూరం కొంచెం తగ్గించి, నీళ్ళు పైనే. ఫ్రేములు పాతిక చుట్టూ కుంటుతుంటే, ఆ దీవి ఒడ్డున లోతు తక్కువ నీళ్ళలో ఇసుక మీద వెలుగు వలలు ఆడటం చూస్తూ గంటలు గడిపాను. చాలా రోజుల తరువాత నా కార్డుకు నాతో పని పడినట్టనిపించింది. నిజం చెప్పాలంటే, అన్నీ పైమెట్టులో నున్నగా నడిచిన ఏడాది కంటే ఆ కుంటుబాటు నెలలే నాకు బాగా గుర్తున్నాయి.

ఆ కార్డు చాలాకాలం కొలువు చేసింది. ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 కోసం తయారయిన ఆటలే కంప్యూటర్‌కూ వచ్చేవి కాబట్టి అవి ఆ స్థాయి దాటి ఎక్కువ అడిగేవి కావు. తరువాత నా జీవితంలోకి వచ్చిన కార్డులన్నీ మధ్యరకానివే. వాటి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఈమధ్య మా అక్క కొడుకు ఆర్‌టీఎక్స్ 4090 కొన్నాడు. బిగించడానికి నన్ను పిలిచాడు. 2022లో వచ్చిన కార్డు అది. 24 జీబీ మెమరీ, 450 వాట్లు, ట్రాన్సిస్టర్లు 7,630 కోట్లు. బరువుకు వంగిపోకుండా కింద చిన్న ఊతకర్ర కూడా ఇచ్చారు. కరెంటు తీగ ఒక్కటే, పదహారు పిన్నులది. "మామయ్యా, లోపలిదాకా దిగిందా చూడు, కొంచెం కూడా బయట ఉండకూడదంట" అని పదే పదే అడిగాడు. వాడికి చదివిన భయం, నాకు టక్కుమనే శబ్దం వినాలన్న ఆశ.

వాడు స్నానానికి వెళ్ళినప్పుడు సైబర్‌పంక్ 2077 తెరిచి, రే ట్రేసింగ్ వేసి, వాన వెలిసిన వీధిలో నిలబడ్డాను. అంతకు ముందు చాలా ఆటల్లో ప్రతిబింబాలకు ఒక కిటుకు వాడేవారు. తెర మీద అప్పటికే ఉన్న బొమ్మనే నీళ్ళలో తిప్పి చూపించేవారు. తల కిందికి వంచగానే పైనున్న భవనం తెర దాటిపోయేది, దానితో నీళ్ళలోని భవనమూ మాయమయ్యేది. 2018లో ఆర్‌టీఎక్స్ 20 వరుసతో ఆటల్లోకి వచ్చిన రే ట్రేసింగ్‌కు ఆ ఇబ్బంది లేదు, వెలుగు ఎటు నుంచి వస్తుందో వెతికి మరీ తెస్తుంది. గుంటలోకి పూర్తిగా వంగి చూశాను. నా వెనుక ఉన్న దుకాణం బోర్డు అందులో ఎర్రగా వెలుగుతోంది. తల ఎటు తిప్పినా అక్కడే ఉంది. అన్నయ్యకు ఫోటో తీసి పంపాను.

మేనల్లుడు వచ్చి వాడి ఆట తెరిచాడు. అందరూ కలిసి పోటీగా కాల్చుకునే ఆట. సెట్టింగులు చూస్తే నాకు గుండె ఆగినంత పనయింది. నీడలు తక్కువ, టెక్స్చర్లు తక్కువ, నీళ్ళు తక్కువ. ఆ కార్డుతో!

"ఇదేమిటిరా?" అన్నాను.

"ఫ్రేములు ఎక్కువ రావాలి మామయ్యా. పైగా నీడలుంటే మనుషులు కనిపించరు."

"నీళ్ళయినా కొంచెం పెంచుకోరా."

"నీళ్ళు చూస్తూ నిలబడితే ఎవడో ఒకడు తలమీద కాల్చి పోతాడు."

వాడన్నది నిజమే. వాడు కాలేజీకి వెళ్ళాక వెళ్ళి నీళ్ళు అల్ట్రాలో పెట్టి చూసుకుని వస్తుంటాను. సాయంత్రానికి ఫోన్ వస్తుంది: "మామయ్యా, పెంచితే పెంచావు, పోయే ముందు తగ్గించి వెళ్ళవచ్చు కదా!"